మొదటి నంబరు పోస్టరులో ఒక్క అక్షరం

ఇతరుల తప్పులు పట్టడంలో ఖియెమ్‌ని మించినవాడు హనోయ్ నగరంలో లేడని ప్రెస్సులో అందరూ అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరై ఎనిమిదేళ్లయినా ఆ జబ్బు వదల్లేదు. ఫో అనే నూడుల్స్ పులుసు అమ్మే హోటలు బోర్డు మీద ఒక చుక్క తప్పినా, పెళ్లి శుభలేఖలో ఒక గీత ఎగిరిపోయినా ఆయనకు ఆ పూట తిండి సహించదు. అలాంటాయన ఇంట్లో, ఆయన ప్రాణంలా చూసుకునే కాగితం మీదే, యాభై ఏళ్లుగా ఒక తప్పు కాలు మీద కాలేసుకుని కూర్చుందంటే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మేవాణ్ణి కాదు.

ఆ కాగితం ఒక పోస్టరు. యుద్ధం రోజుల్లో ఊరూరా గోడలకు అంటించిన ప్రచార పోస్టర్లలో ఒకటి. అలాంటివి ఖియెమ్ దగ్గర నూట నలభై రెండున్నాయి. విమానాన్ని గురిచూసే అమ్మాయిలు, వరి కోస్తూ భుజాన తుపాకీ వేసుకున్న తల్లులు, పిడికిలెత్తిన గని కార్మికులు. కూలగొడుతున్న సహకార గిడ్డంగుల్లోంచి, పాత సామాన్ల కొట్లలోంచి, ఎవరిదో ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక్కొక్కటే ఏరుకొచ్చాడు. కొన్నిటిని ఆవిరి పట్టి గోడ నుంచి ఊడదీయడానికి ఒక రోజంతా పట్టేది. ఇంట్లో చోటు లేక మంచం కింద, బీరువా మీద, బియ్యం డబ్బా వెనక చుట్టలు చుట్టి పెట్టాడు. "మంచం కిందా సైన్యమే, నెత్తి మీదా సైన్యమే. నేనెక్కడ పడుకోను?" అని భార్య క్వే ఏళ్ల తరబడి సాధించింది. సాధిస్తూనే ప్రతి చుట్టకూ పాత దుప్పటి కోసి గుడ్డ తొడిగింది కూడా ఆవిడే.

ఇప్పుడా సైన్యానికి ఇల్లు పోతోంది. వాళ్లుండే నాలుగంతస్తుల పాత కాలనీ భవనం గోడలు బీటలిచ్చాయి. నెలాఖరులోగా ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. కొత్తగా ఇచ్చే ఫ్లాటు రెండు అగ్గిపెట్టెలంత. దేవుడు చల్లగా చూసి నగరంలో ఒక మ్యూజియం వాళ్లు నూట నలభై రెండూ తీసుకుని, వాటికోసం ఒక గది కేటాయిస్తామన్నారు. కాకపోతే ఒక షరతు. ఇంతకుముందొకసారి నకిలీల పాలబడి పరువు పోగొట్టుకున్నారు కాబట్టి, తమ నిపుణురాలు ప్రతి కాగితం చూస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా మొత్తం వద్దంటారు. వద్దంటే వర్షాకాలం తేమలో అవన్నీ బూజు పట్టి పోవలసిందే.

నిపుణురాలి పేరు ఉయెన్. ముప్ఫై నాలుగేళ్ల పిల్ల, చేతిలో భూతద్దం, మెళ్లో కళ్లజోడు. రెండు రోజులు నూట నలభై ఒక్క పోస్టర్లు చూసి, అన్నిటికీ తలూపి, మూడో రోజు బుధవారం పొద్దున మొదటి నంబరు కాగితం తీసింది. ఖియెమ్ దాన్ని కావాలనే చివరికి ఉంచాడు. ఆయన సేకరణలో అదే మొదటిది. మోకాటి లోతు వరద నీళ్లలో కావడి మోస్తున్న ఒక ఆడమనిషి, ఆవిడ వెనక గేదె, పైన ఎర్ర అక్షరాలు, కింద మూల డెబ్భై ఒకటి అని సంవత్సరం.

ఉయెన్ చాలాసేపు చూసింది. భూతద్దం పెట్టి చూసింది, తీసి చూసింది.

"బాబాయ్ గారూ, ఈ నినాదం ఒకసారి చదవండి."

"కా సా లో చో తియెన్ తుయెన్," అన్నాడు ఖియెమ్. యుద్ధరంగం కోసం ఊరంతా తపిస్తోంది అని అర్థం.

"గుర్తున్నది చెప్పొద్దు. ఉన్నది చదవండి."

ఖియెమ్ మళ్లీ అదే చదివాడు. ఉయెన్ నవ్వి, మూడో మాట కింద పెన్సిలు పెట్టింది. అప్పుడు కనబడింది. అక్కడి భాష రాసేది ఇంగ్లీషు అక్షరాలతోనే. 'ఎల్' ఉండాల్సిన చోట 'ఎన్' ఉంది. 'లో' కాదు, 'నో'. 'లో' అంటే తపన, దిగులు. 'నో' అంటే కడుపు నిండటం. యుద్ధరంగం పేరు చెప్పి ఊరంతా సుష్టుగా మెక్కుతోంది అని, ఎర్ర రంగులో, జానెడేసి అక్షరాలతో రాసి ఉంది.

ఖియెమ్‌కి తన కళ్ల మీదే నమ్మకం పోయింది. యాభై ఏళ్లుగా రోజూ చూస్తున్న కాగితం!

"డెబ్భై ఒకటిలో వరదొచ్చి జనం కర్రపెండలం తిని బతికారు," అంది ఉయెన్. "ఆ ఏడు ఇలాంటి రాత గోడెక్కనిస్తారా? ప్రతి పోస్టరూ పంచాయతీలో నలుగురు చూశాకే బయటికొచ్చేది. ఇది ఇప్పటి నకలు, బాబాయ్ గారూ. కాగితం పాతదే కావచ్చు, పాత కాగితం ఎక్కడైనా దొరుకుతుంది. నదికి దిగువనున్న ఆ ఊళ్లున్నాయి చూడండి, 'ల' అనమంటే 'న' అంటారు, 'న' అనమంటే 'ల' అంటారు. టూరిస్టుల కోసం నకళ్లు గీసే షెడ్లు కూడా అక్కడే. సరిగ్గా ఈ తప్పుతోనే నేను మూడు నకిలీలు పట్టుకున్నాను. నాలుక తిరగదు పాపం, ఏం చేస్తారు!"

ఆ పిల్ల చెడ్డది కాదు. హనోయ్‌లో అందరూ వేసే జోకే వేసింది. కానీ ఖియెమ్ చెవులు వేడెక్కాయి.

"పాత సామాన్ల కొట్లో కొన్నానమ్మా, ఇరవై ఏళ్లయింది," అన్నాడు. "మోసపోయానేమో."

అబద్ధం. నోరు తెరిచి పచ్చి అబద్ధం చెప్పాడు. ఆ పోస్టరు గీస్తుండగా ఆయన పక్కనే నిలబడి కళ్లారా చూశాడు. గీసింది ఆయన సొంత ఊళ్లో, పక్కింటి థేవు అత్త. డెబ్భై మూడులో పని నేర్చుకోవడానికి హనోయ్ బస్సెక్కుతుంటే, బట్టల మూట తడవకుండా చుట్టుకోమని ఆ కాగితం ఇచ్చింది ఆవిడే.

"పోనీ ఇదొక్కటీ పక్కన పెట్టేద్దామా?" అన్నాడు ఆశగా.

ఉయెన్ ముఖం వాడిపోయింది. "ఎలా కుదురుతుంది? మోసపోయానేమో అని మీరే అంటున్నారు. మరి మిగతావాటిలో ఎన్నిటికి మోసపోయారో నాకేం తెలుసు? ఎల్లుండి శుక్రవారం కమిటీ. నేను సంతకం పెట్టలేను. క్షమించండి."

ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. వంటింట్లోంచి క్వే చేతిలో తోటకూర కాడలతోనే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా, థేవు అత్త పాత సామాన్ల కొట్టు ఎప్పుడు పెట్టింది?"

ఖియెమ్ పోస్టరు చుట్టడం మొదలుపెట్టాడు.

"అడుగుతుంటే నిన్నే! పుట్టిన ఊరు పేరు చెప్పడానికి అంత నామోషీ ఏమిటి? ఒక్క ముక్క చెబితే పోయేదానికి నూట నలభై రెండూ గంగలో కలిపావే!"

"నీకు తెలీదులే," అన్నాడు ఖియెమ్.

తెలియంది ఆవిడకు ఏమిటో చెబుతాను. పద్దెనిమిదేళ్లప్పుడు ఖియెమ్ హనోయ్‌లో ప్రెస్సు హాస్టల్లో దిగాడు. మొదటి రోజు భోజనాల దగ్గర నీళ్లు అడిగాడు. మన మాటల్లో చెప్పాలంటే 'నీళ్లు' అనబోయి 'లీళ్లు' అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న పద్నాలుగు మందీ విరగబడి నవ్వారు. ఆ తర్వాత ఏడాది పాటు ఆయన పేరే 'లీళ్లు'. ఖియెమ్ పంతం పట్టాడు. పొద్దున్నే నది ఒడ్డుకు పోయి, పళ్ల మధ్య పెన్సిలు పెట్టుకుని, ల, న, ల, న అంటూ రెండేళ్లు సాధన చేశాడు. నాలుక దారికొచ్చింది. కానీ భయం పోలేదు. కోపమొస్తే, కంగారు పడితే నాలుక పాత దారి పడుతుందని తెలుసు. అందుకే మీటింగుల్లో నోరెత్తడు, పోట్లాటకు దిగడు. అందరూ ఆయన్ని ఎంత నెమ్మదస్తుడో అనుకున్నారు. ఆ నెమ్మదంతా 'ల'కీ 'న'కీ మధ్య పెట్టుకున్న కాపలా. ప్రూఫురీడరు ఉద్యోగం కూడా అందుకే కోరుకున్నాడు. అక్కడ మాట్లాడక్కర్లేదు, ఇతరుల తప్పులు పడుతూ కూర్చోవచ్చు.

అదంతా ఆయన ఆ పూట మొదటిసారి పెళ్లాంతో చెప్పాడు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, నేల చూపులు చూస్తూ, బడిలో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు. క్వే తోటకూర పక్కన పెట్టి అంతా విన్నది. విని ఫక్కున నవ్వింది.

"ఇదా దాచింది? నలభై రెండేళ్లుగా నీ పక్కన పడుకుంటున్నాను. నిద్రలో నువ్వేం మాట్లాడతావో నీకు తెలుసా? 'అమ్మా, లీళ్లు తే, ఆకని వేస్తోంది' అంటావు. దాన్ని దీన్లా, దీన్ని దాన్లా, ఒక్కటీ సరిగ్గా పలకవు."

ఖియెమ్ తలెత్తాడు. "నీకు... తెలుసా?"

"పెళ్లయిన మూడో రోజు నుంచి."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే నిద్రలో కూడా నోరు కట్టేసుకుంటావని," అంది క్వే. "కాస్త నిద్రలోనైనా హాయిగా వాగనీ అని ఊరుకున్నాను."

ఖియెమ్‌కి గుండెల మీద నుంచి ఎవరో పెద్ద బస్తా దించినట్టుంది. చాలా ఏళ్ల తర్వాత ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే ఫోన్ తీసి ఉయెన్‌కి చేశాడు. తాను లాక్ అనే ఊరివాణ్ణనీ, అది ఆవిడ చెప్పిన నది దిగువ ఊళ్లలోదేననీ, ఆ పోస్టరు తన కళ్ల ముందే గీశారనీ, తాను అబద్ధమాడాననీ వరసగా చెప్పేశాడు.

"నేనన్న మాటకు చాలా సిగ్గుగా ఉంది, బాబాయ్ గారూ," అంది ఉయెన్. "మిమ్మల్ని నేను నమ్ముతాను. కానీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెబితే కమిటీ నమ్మదు. గీసినావిడ ఉన్నారా?"

"ఉంది. డెబ్భై ఆరేళ్లు."

"అయితే రేపు పొద్దున్నే బయల్దేరదాం."

గురువారం ముగ్గురూ బస్సెక్కారు. పోస్టరు చుట్టని క్వే పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది. రెండు గంటల తర్వాత కండక్టరు కుర్రాడు తలుపు కొడుతూ "నాక్! నాక్ వాళ్లు దిగండి!" అని అరిచాడు. ఉయెన్ లాక్ ఇంకా రాలేదేమోనని కూర్చునే ఉంది. "దిగమ్మా, మా ఊరే," అన్నాడు ఖియెమ్.

థేవు ముంగిట్లో లిచీల్లాంటి లాంగన్ పళ్లు కుప్ప పోసుకుని, గింజ తీసి గుజ్జు చాట మీద ఎండబెడుతోంది. మెడ సాచి చూసింది.

"ఎవర్రా అది? ఖియెమా? బతికే ఉల్లావా? హలోయ్ పోయిలవాడు హలోయ్‌కే అంకితమయ్యాడలుకుల్లా. రండి, నోపనికి రండి. ఎండనో లినబడ్డారేం?"

ఖియెమ్ చటుక్కున ఉయెన్ ముఖం కేసి చూశాడు. నవ్వుతుందేమోనని. ఆ పిల్ల నవ్వలేదు. వంగి నమస్కరించి, ఇచ్చిన పండు రెండు చేతులతో అందుకుంది.

కుశలప్రశ్నలయ్యాక క్వే చాప మీద పోస్టరు విప్పింది. చూడగానే థేవు ముఖంలో కళ పోయింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెనక్కి జరిగింది.

"ఇది ఇంకా ఉందా? మూట చుట్టుకోమలి ఇచ్చాలు కదరా, పారెయ్యక ఎందుకు దాచావు?"

"మీరే గీశారా, బామ్మగారూ?" అంది ఉయెన్.

"లేలే గీశాలు. ఎరుపు రంగు చానకపోతే ఇటుక పొడి కనిపాలు. జిగురు లేలే కాచాలు."

"పైన ఏం రాశారో చదువుతారా?"

"కా సా నో చో తియెన్ తుయెన్," అని గడగడా చదివింది థేవు. "సరిగ్గాలే ఉందిగా?"

ఉయెన్ సంచీలోంచి తెల్లకాగితం, కుంచె, ఎర్ర రంగు తీసి ముందు పెట్టింది. పోస్టరు బోర్లా తిప్పి, అదే నినాదం చూడకుండా రాయమంది. "ఇప్పుడేం రాస్తాలమ్మా, చెయ్యి వణుకుతోంది," అని గునుస్తూనే థేవు కుంచె పట్టుకుంది. పట్టుకున్నాక చెయ్యి వణకలేదు. అక్షరాల తోకలు గాలానికున్న కొక్కెంలా వంచుతూ ఒక్క ఊపున రాసింది. మూడో మాట దగ్గర ఖియెమ్ ఊపిరి బిగబట్టాడు. ఆవిడ తడుముకోకుండా 'ఎన్' రాసింది.

ఉయెన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, భూతద్దంతో ఒక్కో కొక్కెం చూసింది. "ఇదే చెయ్యి," అంది. "బామ్మగారూ, ఆ రోజుల్లో దీన్ని ఎవరెవరు చూశారు?"

"ఎవరేమిటమ్మా, ఊరంతా! పార్టీ కార్యదర్శి చదివాడు, దళం లాయకుడు చదివాడు, బడి పంతునూ చదివాడు. అందరూ బాగుందల్లారు."

"అందరూ ఈ ఊరివాళ్లేనా?"

"మరి ఏ ఊరివాళ్లుంటారు మా ఊళ్లో?"

ఉయెన్ ఇక ఆగలేకపోయింది. నవ్వేసింది. ఊరి పెద్దలు ప్రూఫు చూసినట్టు చూసి, పక్కాగా ఆమోదించి, గోడకెక్కించిన పోస్టరు అది. అందరి కళ్లూ దాన్ని తమ నాలుకతోనే చదివాయి. ముప్ఫై ఒక్క ఏళ్ల ప్రూఫురీడరుతో సహా.

థేవు మాత్రం నవ్వలేదు. "బాగుందలి ఊరివాళ్లల్లారు గాలీ, జిన్నా కేంద్రం లుంచి ఒక ఆఫీసరొచ్చాడు. చూసి పొట్ట పట్టుకులి లవ్వాడు. అందరి ముందూ. వెంటలే పీకెయ్యమల్లాడు. ఎందుకో చెప్పనేదు. లాకు తెనుసునే. ఆ గేదె వెలక కాను చూడు, పొట్టిగా పడింది. పొయ్యి దగ్గర ఉండాన్సిలదాలివి, లీకెందుకే బొమ్మనూ అలి మా ఆయలా అల్లాడు. ఆ తర్వాత లేలు మళ్లీ కుంచె ముట్టనేదు."

ఖియెమ్‌కి కళ్లు మండాయి. యాభై రెండేళ్లు! తాను ఏ అక్షరానికి సిగ్గుపడి నోరు కట్టుకున్నాడో, ఆ అక్షరానికే ఈవిడ చెయ్యి కట్టుకుంది. ఎందుకో కూడా తెలియకుండా.

చాప మీద ఆవిడకు దగ్గరగా జరిగాడు. హనోయ్ మాట నోటిదాకా వచ్చింది. దాన్ని పక్కకు నెట్టేశాడు.

"అత్తా, గేదె కాను బాగాలే ఉంది," అన్నాడు. "తప్పు బొమ్మనో నేదు. అక్షరంనో ఉంది."

"ఏ అక్షరంనో?"

"ఇదిగో, ఇది. తపించడం అలి రాయబోయి కడుపు లిండటం అలి రాశావు."

"రెండూ 'నో'యేగా?"

"హలోయ్ వాళ్లకి కాదు, అత్తా. వాళ్లకి రెండూ వేరు."

థేవు ఒకసారి కాగితం కేసి, ఒకసారి వాడి కేసి చూసింది. పెదాలు కదిపి లోపల్లోపల ఏదో చదువుకుంది. మెల్లగా అర్థమైంది.

"అంటే... వరదనో జలం పస్తునుంటే... ఊరంతా మెక్కుతోంది అలి రాశాలా?"

"అదే రాశావు."

ముసలావిడకు నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. క్వే వీపు నిమిరింది. కళ్లు తుడుచుకుని ఉయెన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది థేవు.

"అంతేలా? గేదె బాగాలే ఉందా? లిజం చెప్పమ్మా, లువ్వు చదువుకుల్లదాలివి."

"నూట నలభై రెండు పోస్టర్లు చూశాను, బామ్మగారూ," అంది ఉయెన్. "నీళ్లలో నడిచే గేదెని ఇంత బాగా ఇంకెవరూ గీయలేదు. మ్యూజియం గదిలో దీన్ని గుమ్మం ఎదురుగా పెట్టమని నేనే రాస్తాను."

థేవు గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. ఆ వదలడం చూసినవాళ్లకు తెలుస్తుంది, ఎంత కాలంగా బిగబట్టిందో.

ఉయెన్ అక్కడే చాప మీద కూర్చుని కమిటీకి ఇవ్వాల్సిన ఫారం నింపింది. గీసినవారు, థేవు. ఊరు, లాక్. సంవత్సరం, పందొమ్మిది వందల డెబ్భై ఒకటి. అసలుదే. ఆ మాట రాస్తుంటే క్వే భర్త మోచెయ్యి పట్టుకుంది. చివరి గడి దగ్గర కలం ఆగింది.

"లోపాలు అని ఒక గడి ఉంది, బాబాయ్ గారూ. మీరు పెద్ద ప్రూఫురీడరు. ఏం రాయమంటారు?"

ఖియెమ్ పోస్టరు కేసి చూశాడు. పెద్దగా, వీధిలోకి వినబడేలా చెప్పాడు.

"నేవమ్మా. నోపానేమీ నేవు."

ఉయెన్ అలాగే రాసి సంతకం పెట్టింది.